కరియకి కాటుక

మా అత్తగారు సుశీలమ్మ గారికి కంప్యూటరంటే ఏమిటో తెలియదు గానీ, కంప్యూటర్ ఉద్యోగాలు ఎందుకు పోతాయో మాత్రం బాగా తెలుసు. అమెరికాలో కంపెనీలు మూతపడటం, ఆ దెబ్బకి బెంగళూరులో మనుషుల్ని వందలకొద్దీ ఇళ్ళకి పంపటం, ఇవన్నీ పేపరువాళ్ళు పొద్దుపోక రాసుకునే కబుర్లు. అసలు సంగతేమిటంటే మా ఆయన ప్రవీణ్‌కి ఏలినాటి శని పట్టింది. ఒంగోల్లో ఆవిడకి నమ్మకమైన జ్యోతిష్కుడు ఒకాయన ఉన్నాడు. శని ఎక్కడ కూర్చున్నాడో, ఎందుకు లేవనంటున్నాడో ఆయన లెక్కలు కట్టి చెప్పాడట. ఇది రెండువేల రెండులో మాట.

పరిహారం కూడా ఆయనే చెప్పాడు. శనివారం శనివారం నల్లకుక్కకి భార్య తన చేత్తో చేసిన తిండి పెట్టాలి. అందులో నువ్వులనూనె, బెల్లం పడాలి. కుక్క ఒంటిమీద తెల్ల వెంట్రుక ఒక్కటి కూడా ఉండకూడదు. పెట్టినది కుక్క తినాలి. వాసన చూసి వెళ్ళిపోతే ఆ వారం లెక్కలోకి రాదు.

"షాపులో కొన్నవి పనికిరావమ్మా వరూధినీ. నీ చేత్తోనే చెయ్యాలి" అని అత్తగారు ఫోన్లో మరీ మరీ చెప్పారు. జాతకం ఆయనది, గ్రహచారం ఆయనది, పిండి పిసకాల్సింది మాత్రం నేను. అక్కడికి శనిదేవుడికి కూడా మా ఇంటి పద్ధతులు బాగానే తెలిసినట్టున్నాయి.

నేను మారతహళ్ళిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోవద్దని తొమ్మిదో తరగతి పిల్లల్ని రోజూ సతాయించేదాన్ని. అలాంటిదాన్ని కుక్క రొట్టెలకి ఎందుకు ఒప్పుకున్నానంటే, అత్తగారి మాట చెప్పగానే ప్రవీణ్ పేపరు పక్కన పెట్టి "సరే, చేద్దాం" అన్నాడు. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ ఆయన నోట "ఊఁ" తప్ప వేరే మాట వినలేదు నేను. గడ్డం పెరిగిపోయింది. ఇంటర్వ్యూలకి వెళ్తే మాట పెగలటం లేదని, వచ్చిన సమాధానం కూడా గొంతులోనే ఆగిపోతోందని ఒకసారి చెప్పి ఊరుకున్నాడు. అలాంటి మనిషి "చేద్దాం" అంటే, కుక్కకి ఏం ఖర్మ, ఏనుగుకైనా వండేదాన్ని.

నల్లకుక్క మా కింద వాటాలోనే ఉంది. ఇంటి ఓనరు శాంతమ్మ గారిది. వాళ్ళు తరాల కిందటే వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. రింగురోడ్డు పడ్డాక రాగి చేలు అమ్మేసి, మూడంతస్తుల ఇల్లు కట్టి, పై రెండంతస్తులు మాలాంటివాళ్ళకి అద్దెకిచ్చారు. కుక్క పేరు కరియ. కన్నడంలో నల్లోడు అని.

"మీ కరియ పూర్తిగా నలుపేనా అండీ?" అని ముందే అడిగాను. లెక్కల టీచర్ని కదా, షరతులు సరిచూసుకోవటం అలవాటు.

"పేరే కరియ గదమ్మా. ఇంగేమి కావల్ల నీకు?" అన్నారు శాంతమ్మ గారు.

మొదటి శనివారం చపాతీకి నువ్వులనూనె రాసి, బెల్లం తురిమి పట్టుకెళ్ళాను. కరియ వాసన చూసి, నా మొహం చూసి, లేచి నీళ్ళ సంప్ పక్కకి వెళ్ళి పడుకుంది. తర్వాత తెలిసింది, ఆ వీధిలో ఏలినాటి శని మా ఒక్కళ్ళకే పట్టలేదని. అప్పటికే ముగ్గురు ఇల్లాళ్ళు చపాతీలు తినిపించి వెళ్ళారట. శనివారం పొద్దున మా వీధిలో నల్లకుక్కకి ఉన్న గిరాకీ ఊరంతా తిరిగినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి లేదు.

చేసేది లేక, బిస్కెట్లయినా తింటుందేమోనని అటక మీంచి ఓవెన్ దింపాను. గుండ్రటి అల్యూమినియంది, మూత మీద గాజు కిటికీ, మా పెళ్ళికి ఎవరో చదివించారు. కాపురానికి వచ్చాక దాన్ని వాడింది బంగాళాదుంపలు నిలవ చెయ్యటానికే. గోధుమపిండి, రాగిపిండి, ఉడకబెట్టి మెదిపిన క్యారట్, దంచిన వేరుశనగలు, కాస్త బెల్లం, నువ్వులనూనె. ఉప్పు లేదు. గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి కాల్చాను. మొదటి వాయి రాళ్ళయింది. తలుపు కొట్టుకోకుండా ఒకటి అడ్డం పెట్టాను, చాలాకాలం పనికొచ్చింది. రెండో వాయి కుదిరింది. ఆ వాసనకి కరియ మెట్లెక్కి మా గుమ్మం ముందుకొచ్చి కూర్చుంది.

ప్రవీణ్ పళ్ళెం తీసుకుని కిందికి వెళ్ళాడు. తిరిగొచ్చి, "అన్నీ తినేసింది వరూ" అన్నాడు. ఆయన మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు చూశాను. ఇంజనీరింగ్ చదివి, అమెరికా బ్యాంకుల లెక్కలు ఇక్కడ కూర్చుని నడిపిన మనిషి, ఒక కుక్క నాలుగు బిస్కెట్లు తిన్నందుకు అంత పొంగిపోతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం, నిజంగానే నమ్ముతున్నాడు అనుకున్నాను. ఇక ప్రతి శుక్రవారం స్కూలు నుంచి వచ్చి చీర కొంగు బిగించేదాన్ని.

వారం తిరిగేసరికి శాంతమ్మ గారు పైకొచ్చారు.

"ఏమమ్మా, మా కరియకి ఏమి పెడతాండావు నువ్వు? అది ముద్ద ముట్టల్యా. రాగిముద్ద ముందర పెడితే, ఇదేమి అన్నట్ల నా మొగం చూస్తాండాది."

"శని పరిహారమండీ. శనివారం మాత్రమే పెడుతున్నాం."

"శనివారం మీ శని పోతాండాది, మిగతా దినాలు నాకు పడతాండాది." అని డబ్బాలోంచి ఒకటి తీసుకుని కొరికి చూశారు. "స్వల్ప ఉప్పు తక్కువాయె. బాగుండాది. కాపీలోకి నాకూ నాలుగు ఈయమ్మా."

మా ఎదురు వాటాలో జెస్సీ ఉండేది. వాళ్ళాయన జ్ఞానప్రకాశం కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఒక శుక్రవారం సాయంత్రం వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అక్కా, మాకు ఈ శని గిని ఉండవు, తెలుసు కదా. బట్ కుక్కకి బిస్కెట్ పెట్టడం సిన్ ఏం కాదు కదా. జస్ట్ ఇన్ కేస్."

"తీసుకెళ్ళు, దానికేముంది."

"అలా కాదక్కా. భార్య చేత్తో చెయ్యాలంట కదా. నేను పిండి ముట్టుకుంటే సరిపోతుందా?"

ముట్టుకోమన్నాను. ముట్టుకుంది. అంతటితో ఆగకుండా, మోసం అవుతుందేమోనని రెండు పిడికిళ్ళు గట్టిగా పిసికింది కూడా. కరియ ఏ బిస్కెట్ ఏ మతం వాళ్ళదో అడగలేదు, అన్నీ తినేసింది. రెండు వారాలు తిరక్కుండానే జ్ఞానప్రకాశానికి ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఉద్యోగం వచ్చింది. జెస్సీ నాకు కేకు తెచ్చిపెట్టి, దేవుడు మంచివాడక్కా అంది. ఏ దేవుడో నేను అడగలేదు.

ఈ సంగతి అత్తగారికి చెప్పటం నా పొరపాటు.

"పిండి నీది, నూనె నీది, కరెంటు మీది. ఫలితం వాళ్ళకి దానం చేశావా?" అన్నారు. "ఆ అమ్మాయిని ఇంకోసారి వంటింట్లోకి రానివ్వకు." నా బిస్కెట్లలో ఉన్న ఉద్యోగం ఒక్కటే అన్నట్టు, దాన్ని జెస్సీ పిడికిట్లో పట్టుకుపోయినట్టు మాట్లాడారు. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు. అయితే ఆ రోజు నుంచీ ప్రవీణ్ మళ్ళీ మాట తగ్గించేశాడు. ఎదురింటి తలుపు పొద్దున్నే తెరుచుకుని, జ్ఞానప్రకాశం బూట్ల చప్పుడు మెట్లు దిగుతుంటే, ఈయన రేడియో గొంతు పెంచేవాడు. నాకు భయమేసింది. ఉద్యోగం రాదేమోనని కాదు. ఈ మనిషి ఇలాగే ఉండిపోతాడేమోనని.

ఆయన కాస్త మనిషిగా కనిపించేది శనివారం పొద్దునే. పళ్ళెం పట్టుకుని కిందికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చేవాడు. వచ్చాక టిఫిను రెండోసారి అడిగి పెట్టించుకునేవాడు.

అలా ఉండగా వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీ నుంచి పిలుపొచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ. ముందటి శనివారం ఆయన క్షవరానికి వెళ్తే, నేనే పళ్ళెం తీసుకుని దిగాను. కరియ అప్పటికి బాగా ఒళ్ళు చేసింది. బిస్కెట్లు తిని, తృప్తిగా వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ పైకెత్తింది. ముందుకాళ్ళ మధ్య, గుండెల మీద, రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ.

ఒక్క తెల్ల వెంట్రుక ఉండకూడదంటే, ఇక్కడ గంపగుత్తగా ఓ గుప్పెడు ఉన్నాయి.

"శాంతమ్మ గారూ, ఇదేంటండీ?"

"అదా? పుట్టినప్పటి నుంచి ఉండాది. నువ్వు నలుపు అడిగినావు, నేను ఔనంటి. తెలుపు అడిగినావా?"

ఆవిడ మాటలో తప్పు పట్టటానికి నాకు ఏ సూత్రమూ గుర్తు రాలేదు.

అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇన్ని శుక్రవారాలు పిసికిన పిండి వృథా అయిందని నాకేం బాధ లేదు, ఎందుకంటే అది పనిచేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఆయన అనుకుంటున్నాడు, ఈ మచ్చ ఇంకా ఆయన కంట పడినట్టు లేదు. ఎల్లుండి ఇంటర్వ్యూకి ఆయన తీసుకెళ్ళబోయే ధైర్యమంతా ఈ కుక్క నలుపు మీదే ఆధారపడి ఉంది. పొద్దున వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఇది ఒక్కసారి బొర్లితే చాలు, ఆయన గొంతు మళ్ళీ పూడుకుపోతుంది.

ఆదివారం సాయంత్రం ప్రవీణ్ లోపల చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, నేను కాటుక భరిణె పట్టుకుని కిందికి దిగాను. మా అమ్మ ఆముదం దీపం మీద పట్టి పంపిన కాటుక. రెండు బిస్కెట్లు పెట్టి కరియని పడుకోబెట్టి, గుండెల మీద మచ్చంతా కాటుకతో నింపాను. పసిపిల్లలకి దిష్టిచుక్క పెట్టటం చూశాను గానీ, ఇంత పెద్ద చుక్క ఎక్కడా చూళ్ళేదు. కరియ కళ్ళు మూసుకుని సేవ చేయించుకుంది. రుజువు లేనిదే ఒప్పుకోవద్దని చెప్పే టీచరు, కుక్కకి కాటుక పెడుతూ ఎవరికైనా కనబడితే సోమవారం నుంచి స్కూల్లో మొహం ఎత్తుకోగలదా? అయినా పెట్టాను. ఆయన మీద నాకున్న ప్రేమ అంతదూరం దిగజారిందని నాకే అప్పటిదాకా తెలియదు.

సోమవారం పొద్దున ఆయన తెల్లచొక్కా వేసుకుని, ఫైలు పట్టుకుని దిగాడు. గేటు తీస్తుండగా కరియ పరుగెత్తుకుంటూ వచ్చి, బిస్కెట్ల మనిషి వెళ్ళిపోతున్నాడనుకుందో ఏమో, రెండు కాళ్ళూ ఎత్తి ఆయన మీదకి ఎగబడింది. దిగేసరికి చొక్కా మధ్యలో, గుండీల పక్కన, అరచేయంత నల్లటి మరక. కరియ గుండెల మీద మచ్చ సగం తెల్లగా బయటపడింది.

ప్రవీణ్ చొక్కా చూసుకున్నాడు. వేలితో రాసి, వాసన చూశాడు. కుక్కని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"కాటుకా?"

"కాటుకే."

బస్సుకి టైమవుతోంది, ఇస్త్రీ చేసిన చొక్కా ఇంకోటి లేదు. అయిపోయింది, ఈయన ఇక గేటు వేసి పైకెళ్ళి రేడియో పెట్టుకుంటాడు అనుకున్నాను. ఆయన మాత్రం గేటు పట్టుకుని నవ్వటం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"వరూ, ఆ మచ్చ నేను మొదటివారమే చూశాను. బిస్కెట్లు తినగానే సంప్ దగ్గర వెల్లకిలా పడుకుంటుంది, పొట్ట గోకితే గానీ లేవదు."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? స్కూల్లో అంతసేపు నిలబడి వచ్చి, రాగానే పిండి కలిపేదానివి. అంత నమ్మకంతో చేస్తుంటే..."

"నా నమ్మకమా?"

"మరి నాదా?"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. శాంతమ్మ గారు అరుగు మీంచి, "బస్సు పోతుందప్పా, పోయిరా. గోకేది సాయంత్రం గోకుదువు" అన్నారు. ఆయన ఫైలు గుండెలకి అడ్డం పెట్టుకుని, ఇంకా నవ్వుతూనే రోడ్డెక్కాడు.

ఇంటర్వ్యూలో ఫైలు బల్ల మీద పెట్టక తప్పలేదట. ఆ మరక ఏమిటని అడిగారట. అబద్ధం ఏదీ తోచక, ఒంగోలు జ్యోతిష్కుడి దగ్గర్నుంచి కాటుక దాకా మొత్తం చెప్పేశాడు. ఎక్కడా గొంతు పట్టలేదు. ఎదురుగా ఉన్న ముగ్గురూ నవ్వారు. అందులో పెద్దాయన మాత్రం నవ్వాపి, గురువారం గురువారం ఆవుకి నానబెట్టిన శనగలు తానూ పెడుతున్నానని, నమ్మకం లేదని వాళ్ళావిడకి చెప్పలేకపోతున్నానని మెల్లగా అన్నాడట. తర్వాత పని గురించి అడిగారు. దానికీ గొంతు పట్టలేదు.

ఉద్యోగం వచ్చింది. పాతదానికన్నా చిన్నది, దూరం. ఒంగోలు నుంచి ఫోనొచ్చింది. "చూశావా? నేను చెప్పలేదూ?" అన్నారు అత్తగారు. తెల్లమచ్చ సంగతి ఆవిడకి ఎవరం చెప్పలేదు. ఆ జ్యోతిష్కుడికి మా అత్తగారు పంచెల చాపు పెట్టారట. కాటుక పంపిన మా అమ్మకి మాత్రం ఏమీ పెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం నేను ఓవెన్ తీసి అటక మీద పెట్టేశాను. ఇక ఎవరి కోసమూ ఎవరం నటించనక్కర్లేదు. మర్నాడు పొద్దున గుమ్మం అవతల ఏదో గోకిన చప్పుడైంది. ప్రవీణ్ తలుపు తీశాడు. కరియ మెట్లెక్కి వచ్చి, గడప ముందు కుదురుగా కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. గుండెల మీద కాటుక పూర్తిగా పోయింది.

ఆయన వెళ్ళి స్టూలు తెచ్చి ఓవెన్ దించాడు. నేను రాగిపిండి డబ్బా అందుకున్నాను. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో శనివారం మీద నిజంగా నమ్మకం పెట్టుకున్నది కరియ ఒక్కటే.