సలోమమ్మ ప్రక్కచోటు

ప్రచండమార్తాండకిరణసంతప్తమై శుష్కపత్రమర్మరధ్వనులు దక్క వేఱొండు సవ్వడి లేక ఉప్పుటేటిగాలి సైతము చల్లదనము మఱచిన యా మిషను పేటయందు ఈస్టరుకు ముందటి నలువది ఉపవాసదినములగు శ్రమకాలపు ముప్పదియెనిమిదవ దినము మిట్టమధ్యాహ్నమై యుండెను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడైన కొల్లి ఆశీర్వాదము తన విశాలగృహమున చాపపై కూర్చుండి ఈస్టరునాడు సంఘము నెదుట చెప్పవలసిన సాక్ష్యమును వ్రాసికొనుచుండెను. ఐహికభారవిసర్జనమే దాని విషయము. ఆ శ్రమకాలమున ఆయన టేకుబీరువాలను పడకకుర్చీలను సూటుకోటులను పింగాణిపాత్రలను ఊరివారికి పంచిపెట్టి శూన్యగృహమధ్యమున నిస్సంగుడనైతినని లోలోన మురియుచుండెను.

అంతలో ఆయన తమ్ముడు తిమోతి కూతురు కృపావతి చెప్పులు వెలుపల విడిచి లోనికి వచ్చెను. ఆ కుటుంబమువారు ఆ గడప త్రొక్కి ఇరువదియేండ్లు కావచ్చెను.

"నాన్న తెల్లారుజామున పోయాడు, పెదనాన్నగారూ."

ఆయన కలము ఆగెను. "ప్రభువు చిత్తము."

"సమాధుల దొడ్డిలో చోటు లేదన్నారు చర్చి అయ్యగారు. పెద్దమ్మ పక్కన మీకోసం ఆపిన చోటొక్కటే ఉందట. మీరు ఊఁ అంటే చాలు."

పెద్దమ్మ యనగా ఆయన ధర్మపత్ని సలోమమ్మ. పదునేడేండ్లక్రిందట ఆమెను భూస్థాపన చేసిన దినమున ఊరెల్ల పేటికపై పిడికెడు మన్ను వేయగా తోడబుట్టినవాడు మాత్రము రాలేదన్న క్రోధమును ఆయన నిత్యప్రార్థనకంటె క్రమము తప్పక స్మరించుచుండెను.

"నా భార్యపై మన్ను వేయనొల్లనివానికి ఆమె ప్రక్కన మన్ను కావలెనా? ఇయ్యను."

"నాన్న వచ్చాడండీ! సమాధుల దొడ్డి గేటవతల ఎండలో నిలబడ్డాడు. స్కూలు కమిటీ తగాదాలో 'నా కంటబడితే మెడపట్టి గెంటిస్తా' అన్నది మీరేగా? నలుగురిలో రభస ఎందుకని అందరూ వెళ్ళాక లోపలికొచ్చి మన్ను వేశాడు."

ఆయన హృదయమున నేదియో కదలెను. అయినను అభిమానమే ముందుగా నోరు విప్పెను.

"అసత్యము."

కృపావతి నలుదెసల పరికించి చేదుగా నవ్వెను. "ఊళ్ళో సగంమంది మీ కుర్చీల్లో కూర్చున్నారు. తండ్రి పోయినదాన్ని, నన్ను కూర్చోమనడానికి ఒక్కటీ మిగల్లేదా పెదనాన్నగారూ?" అని వెడలిపోయెను.

ఆయన తన సాక్ష్యమును మఱల చదువబూనెను. పరిత్యాగమును గూర్చిన ఆ వ్రాతయందు పంక్తిపంక్తికి తానే కనబడెను. ప్రొద్దు పడమటికి వ్రాలువేళ గొడుగైన కొనక సమాధుల దొడ్డికి పోయి కావలివాడగు ఏసోబును పిలిచి "త్రవ్వుము. నా చోటు తమ్మునికిచ్చితిని" అని ఆజ్ఞాపించెను.

"ఇంకెక్కడి తమ్ముడండయ్యా! మూడింటికే పడవెక్కించి ఏటవతల ఆయన అత్తారి ఊరు తీసుకుపోయారు. ఈపాటికి పూడ్చేసుంటారు."

తనకు అక్కఱలేనిదానిని విడుచుట ఎల్లవారికిని సులభమే. ఒకరు చేయిచాచి అడిగినప్పుడు పిడికిలి విప్పనివానికి ఆ పిడికిటిలోనిది ఇక సొత్తు గాదు, శిక్ష. ఆ సాయంతనమున సలోమమ్మ ప్రక్కచోటు పరిశుభ్రముగా విశాలముగా ఎవ్వరికిని పొత్తులేక సంపూర్ణముగా ఆయనదే యై యుండెను.