గొయ్యికి కాపలా

గొయ్యిలో మూడో డ్రమ్ము కనబడగానే డారెల్ పొక్లెయిన్ ఆపేసి, తాళంచెవి తీసి నోట్లో పెట్టుకున్నాడు.

ఒహాయోలో మా ఊరివాళ్ళు చాలామంది ఆ ఫ్యాక్టరీలోనే కారు బంపర్లకు క్రోమియం పూత వేసి బతికారు. యజమానులు దివాలా తీసి పోతే, పన్ను కట్టలేదని నగరసభ ఆ స్థలాన్ని లాక్కుంది. మట్టి బాగుచేసి పిల్లలకు ఆటస్థలం కట్టమని రాష్ట్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. ఫ్యాక్టరీవాళ్ళు పాతిపెట్టిన విషపు వ్యర్థాల డ్రమ్ములు బయటపడితే మాత్రం పని ఆపి తమను పిలవాలని షరతు పెట్టింది. వాళ్ళ అధికారి మార్లా టిబ్స్ ఆ మధ్యాహ్నమే తనిఖీకి రావాలి.

మేస్త్రీ ఎమెట్ డారెల్ పెళ్ళానికి అన్న. వచ్చి చెయ్యి చాచాడు.

“ఇచ్చెయ్ బావా. మింగావంటే రేపటిదాకా కాచుక్కూచోవాలి.”

డారెల్ తాళాన్ని బుగ్గలోకి నెట్టుకున్నాడు. “దీనిమీద ఉయ్యాల ఊగేది నీ మేనకోడలే బావా.”

“మా పిల్ల సంగతి నువ్వు నాకు చెప్తావా? పని ఆగిందంటే ఆ డబ్బు వెనక్కి పోద్ది. ఇంకో ఇరవయ్యేళ్ళు పిల్లలు కంచె కింద దూరొచ్చి ఈ పచ్చనీళ్ళలోనే ఆడతారు. పైన నాలుగడుగుల బంకమట్టన్నా ఉండనీ.”

“కింద కుళ్ళేది కుళ్ళుతూనే ఉంటదిగా.”

“మా చెల్లెలు నీలో ఏం చూసిందిరా,” అంటూ ఎమెట్ చాచి కొట్టాడు. తాళమూ ఒక పన్నూ కలిసి గొయ్యిలో పడ్డాయి. డారెల్ రక్తం ఉమ్మి, తలతో వాడి పొట్టలో పొడిచాడు. ఇద్దరూ మట్టిలో పొర్లారు. ఎమెట్ దొరికిన రాయితో వాడి చెవి పగలగొట్టి, లేచి బుల్డోజర్ ఎక్కాడు.

డారెల్ గొయ్యిలోకి దూకి డ్రమ్ముల మీద నిలబడ్డాడు.

“కప్పు బావా. నన్నూ కప్పు.”

బెదిరితే పైకొస్తాడని ఎమెట్ అనుకున్నట్టున్నాడు. మట్టి తోశాడు. డారెల్ మోకాళ్ళదాకా కూరుకుపోయాడు. ఎమెట్ వెనక్కి పోయి మళ్ళీ తోశాడు. ఈసారి నడుందాకా వచ్చింది. డారెల్ కదల్లేదు, కదలడానికి ఇక వీలూ లేదు. ఎమెట్ మూడోసారి వెనక్కి పోవడం చూసి నేను నా టిప్పర్‌ను తీసుకెళ్ళి బుల్డోజర్‌ను పక్కనుంచి గుద్దేశాను. ఎమెట్ ఎగిరి కింద పడ్డాడు.

నేను పార తెచ్చి డారెల్‌ను తవ్వి బయటికి లాగాను. వాడు నా చేతిలోంచి ఆ పారే లాక్కుని వెళ్ళి ఎమెట్ మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. వాడు ఆగలేదు. వెనకనుంచి పట్టుకుంటే మోచేత్తో నా ముక్కు పగలగొట్టి, మళ్ళీ కొట్టాడు.

మార్లా టిబ్స్ కారు దిగేసరికి అలా ఉన్నాం. ఆవిడ ముందు అంబులెన్సుకూ పోలీసులకూ ఫోన్ చేసి, తర్వాత గొయ్యిలోకి చూసింది. మట్టిలోంచి ఒక డ్రమ్ము అంచు మాత్రం కనబడుతోంది.

“పని బంద్. నమూనాలు తీసేవాళ్ళు రేపు పొద్దున వస్తారు. అంతదాకా ఇందులో పిడికెడు మట్టి కూడా పడకూడదు,” అంది.

స్ట్రెచర్ మీద ఎమెట్ తల తిప్పాడు. “పిల్లకి చెప్పమాక బావా.”

డారెల్ చేతులకు సంకెళ్ళు పడ్డాయి. కారెక్కబోతూ నావైపు తిరిగి, “వెర్నన్, పూడ్చనివ్వకు,” అన్నాడు.

కార్లన్నీ వెళ్ళిపోయాక, అంతసేపూ దూరంగా నిలబడి చూసిన పనివాళ్ళు నా చుట్టూ చేరారు. వాళ్ళలో అర్లో నాతోపాటు చదువుకున్నవాడు.

“తప్పుకో వెర్నన్. గొయ్యి పూడ్చేసి, పొద్దున వాళ్ళొచ్చేసరికి ఇక్కడేం కనబడకపోతే మళ్ళీ పనిలోకి దిగుతాం. ఇంటికాడ మాకూ పిల్లలున్నారు.”

“నాకు తెల్సు.”

“తెల్సీ ఏంట్రా మరి?”

మొదటి రాయి టిప్పర్ అద్దానికి తగిలింది. రెండోది నా భుజానికి. నేను ఎక్కి బండిని గొయ్యికి అడ్డంగా పెట్టి, సీటు కిందనుంచి జాకీ రాడ్డు తీసుకుని దిగాను.