వెనక వరస నూకరత్నం

నేను ఓడనే గానీ, వాన పడిననాడు తప్ప నీళ్ళు ఎరగను. ఎగ్జిబిషన్లలో అటూ ఇటూ ఊగే కొలంబస్ ఓడని. రాజమండ్రి పక్కన ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టాను. నా ముక్కుకి సింహం తల వేస్తానన్న పెయింటరు ఏం వేశాడో గానీ, పిల్లలంతా మేక అంటారు. మొదటి యజమాని నన్ను నాలుగేళ్ళు ఊళ్ళు తిప్పి, అమ్మేసి కల్యాణమండపం కట్టుకున్నాడు. జనాన్ని గోల పెట్టించడానికి అదే సులువనుకున్నాడేమో.

రెండో యజమాని నన్ను అనకాపల్లి మైదానంలో దించాడు. అక్కడ నన్ను నడిపేవాడు సన్యాసిరావు. నా కడుపు కింద ఒక లారీ టైరు తిరుగుతూ ఉంటుంది. అతను లివరు నొక్కితే అది లేచి నా అడుగుని ఒరుసుకుంటుంది, నేను ఊగుతాను. ఎంతసేపు ఊపాలో చూసుకోవడానికి అతనికి గడియారం లేదు, చెవులున్నాయి. అందరికంటే ఎత్తుకి లేచే వెనక వరస గట్టిగా అరిస్తే బాగుందన్నమాట, ఇంకో నాలుగు ఊపులు. అరుపు లేకపోతే కళ్ళు తిరిగాయన్నమాట, ఆపేయాలి. "చచ్చాం, ఆపండ్రా" అన్నవాళ్ళని ఇంకా ఊపడం, నోరు మూసుకున్నవాళ్ళని చూసి హడలిపోవడం, మనుషుల పద్ధతే అంత.

అలాంటి చోటికి నూకరత్నం వచ్చింది. యాభై ఆరేళ్ళ మనిషి. బెల్లం మార్కెట్లో దిమ్మలకి గోనెలు చుట్టే పని. పని దిగి, చేతులైనా కడుక్కోకుండా వచ్చి వెనక వరసలో ఒక్కతే కూర్చుంది.

"మీవోళ్ళేరి పిన్నీ?" అన్నాడు సన్యాసిరావు.

"ఇంటికాడున్నారు. అందుకే నానిక్కడున్నాను."

రెండో ఊపుకే జనం గోల మొదలెట్టారు. ఆమె మాత్రం పెదవి విప్పలేదు. మైదానం అటు వాలి ఇటు వాలుతుంటే కళ్ళు ఇంత చేసుకుని చూస్తోంది. అది భయం కాదని నాకు తెలుసు. మంచి కూర పడితే మాట్లాడకుండా తినేవాళ్ళుంటారు చూడండి, అదీ సంగతి. సన్యాసిరావుకి తెలీదే! పై ఎత్తు అందకముందే ఆపేసి, పరుగున వచ్చి ఆమె మొహం మీద గోలీసోడా చిలకరించాడు.

మర్నాడూ అంతే. ఈసారి ఉల్లిపాయ వాసన చూపించాడు. మూడోరోజు ఆమెకి ఒళ్ళు మండింది.

"నాయనా, ఆ పైదాకా ఒక్కపాలి ఎల్లాలని మూడ్రోజుల్నించీ వస్తన్నాను. రోజూ మజ్జిలోనే దింపేస్తన్నావు!"

"అరవాల గదా పిన్నీ! అరవకపోతే నాకెలా తెలుస్తాది?"

"ఇంటికాడ నలబై ఏళ్ళు అరిసేను. ఇక్కడ కూడా అరవాలేటి?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆమె చెయ్యెత్తి ఉంచినంతసేపూ బాగున్నట్టు. దించితే ఆపాలి.

నాలుగోరోజు ఆమె ఓడలో అందరూ వినేలా ఆ ఒప్పందం గుర్తుచేసి చెయ్యెత్తింది. పై ఎత్తు వచ్చింది. సీటు మీంచి జానెడు లేచి, గాల్లో ఒక్క క్షణం ఉండి, మళ్ళీ కూలబడింది. చెయ్యి దించలేదు. ఇంకో ఊపు. ఇంకోటి. ముందు వరసలో కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాం ఒళ్ళో వాంతి చేసుకున్నాడు. ఒక మేష్టారు దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచి, పేర్లు అయిపోయి మళ్ళీ మొదటికొచ్చాడు. "ఎవరైనా ఆవిడ చెయ్యి దించండ్రా!" అని ఓడంతా ఒకటే ఏడుపు. చెయ్యి పైనుంది, అరుపులు బ్రహ్మాండంగా ఉన్నాయి, సన్యాసిరావుకి ఇంకేం కావాలి? యజమాని పరిగెత్తుకొచ్చి కరెంటు మెయిన్ స్విచ్చి కట్టేస్తే గానీ నేను ఆగలేదు.

మర్నాటికి బోర్డు వెలిసింది: "ఓడ ఊగుతుండగా చేతులు ఎత్తరాదు." జనం అది తమ భద్రత కోసమని మెచ్చుకున్నారు.

ఇదంతా పాత ఇనుప సామాన్ల కొట్టులో పడుకుని చెబుతున్నాను. నన్ను కోసేవాడు గ్యాసు సిలిండరు తేవడానికి వెళ్ళాడు. వాడొచ్చేలోగా మిగతాది కూడా వినండి.

బోర్డు పెట్టిన సాయంత్రమే నూకరత్నం మళ్ళీ వచ్చింది. బోర్డు ముందు నిలబడి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఇక వెనక్కి పోతుందిలే అని యజమాని చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"కాళ్ళ గురించి ఏటీ రాయలేదు కదా బాబూ?" అని అడిగి, వెనక వరసలో కూర్చుని చెప్పులు విప్పింది.