మెర్సీ దగ్గరి మామిడి అల్లం

మా తమ్ముడు సాలమోను చెడ్డవాడైతే బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మంచివాడు చేసిన పనికి ఎవరిని తిడతాం?

వాడి కూతురు మెర్సీ ఆరేళ్లకే జ్వరంతో పోయింది. మామిడి అల్లం ముక్క ఉప్పులో అద్దుకుని పచ్చిగా నమలడం ఆ పిల్లకి మహా ఇష్టం. అందుకని మా మరదలు సుగుణ సమాధి మట్టిలో నాలుగు దుంపలు పాతింది. ఏటా తొలకరికి మొలకలొచ్చేవి, క్రిస్మస్ దాటాక ఆకు పండి ఎండిపోయేది. అప్పుడు సగం తవ్వి పచ్చడి పెట్టేది, సగం మట్టిలోనే ఉంచేది. సమాధి మీద పండింది తింటారా అని రాజోలులో మా చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నేను మాత్రం మారు వడ్డించుకుని తిన్నాను. మన పిల్ల దగ్గర పెరిగినదానికి అంటు ఏమిటి?

ఆ జాడీ మూత తీస్తే చాలు, సాలమోను కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. పిల్లని మట్టిచేసిన రోజు తర్వాత సమాధుల తోటలో అడుగు పెట్టలేదు, ఇంట్లో ఆ పేరు ఎత్తలేదు. మగాడి ఏడుపు అలాగే ఉంటుందని మా అమ్మ అనేది. ఏడుపో మొండితనమో గానీ, బరువంతా సుగుణ ఒక్కతే మోసింది.

ఈ ఏడు వాడిలో ఏదో కదిలింది. ఈస్టర్ ముందు అందరూ సమాధులకి సున్నాలు వేసుకుంటారు కదా. సుగుణ అల్లవరంలో పుట్టింటికి వెళ్లినప్పుడు వీడు మేస్త్రీ బుల్లబ్బాయిని పిలిచి, మట్టి తవ్వించి, సిమెంటు పోయించి, పైన నల్లరాతి పలక వేయించాడు. పిల్ల పేరు చెక్కించాడు. మట్టి బోడిగా ఉంటే మొక్కలు ఎప్పుడో చచ్చాయనుకున్నాడు. తవ్వకంలో వచ్చిన దుంపల్ని చెత్తతో పాటు కాలవలో పారబోయించాడు. ఆకు ఎండినా దుంప లోపల బతికే ఉంటుందని, ఎన్నడైనా వచ్చి చూసినవాడైతే కదా తెలిసేది.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే ఆరాధనకి ముగ్గురం వెళ్లాం. కొవ్వొత్తి వెలుగులో సుగుణ ఆ పలకని చూసింది. వంగి చుట్టూ చేత్తో తడిమింది. ఎక్కడా మట్టి తగల్లేదు. దుంపలేవని అడిగింది. వాడు చెప్పాడు. చెబుతూ ఉండగానే అవి బతికున్న దుంపలని వాడికి అర్థమైంది. అక్కడే వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

సుగుణ చేతిలోని కొవ్వొత్తిని పలక మీద నిలబెట్టింది.

"పోన్లెండి," అంది. "మీరు వచ్చేరు కదండీ."

జనమంతా పాట ఎత్తుకున్నారు. సాలమోను పలక పక్కన కూలబడ్డాడు.

"ఎంత ఎత్తు ఎదిగేదే ఆ మొక్క?" అని అడిగాడు.

సుగుణ నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

"మన మెర్సీ అంతండి."

వాడు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దాని కిందికి రెండు చేతులూ చాచి, అక్కడి ఖాళీని పిల్లని దగ్గరకి తీసుకున్నట్టు తీసుకుని, గట్టిగా ఏడ్చాడు.