కళ్ళు తెరవని ఆంజనేయుడు

దేవుణ్ణి చేయించుకునేవాళ్ళకు ఆత్రం ఎక్కువ. నంద్యాల నుంచి వచ్చి మా ఊళ్ళో ప్లాట్లు వేసి అమ్మే సందీప్‌కు మరీ ఎక్కువ. "ఆచారీ, ఆరడుగుల ఆంజనేయుడు బేగా కావల్ల" అన్నాడు. ఎందుకని నేనడగలేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు ఎందుకని అడగడం మొదలుపెడితే ఉలి తుప్పు పడుతుంది.

క్రేన్‌తో విగ్రహాన్ని దించాక తెలిసింది, అది మా ఊరి వాననీళ్ళు పోయే వంకలోనని! సందీప్ ప్లాట్ల కోసం ఎర్రమట్టి తోలి పూడ్చిన చోటే. పోయిన వానకు నీళ్ళకు దారిలేక మా అక్క యశోదమ్మ ఇంట్లోకి దూరాయి. గోడ పడింది. వంటింట్లో మోకాటిలోతు తెల్ల బురద. అక్క ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా వంక తవ్వమని ఇన్నాళ్ళకు ఆర్డరొచ్చింది. రేపే జేసీబీ వస్తుంది. దానికి అడ్డంగా నా ఆంజనేయుడు! ఒళ్ళు మండిపోయింది.

విగ్రహానికి చివర్లో శిల్పే కళ్ళు తెరిపించాలి. అందాకా అది రాయే. మర్నాడు తొమ్మిదికి ముహూర్తం. ఆ పనికి వాడే బంగారు సూది జేబులో పెట్టుకుని వెళ్ళి, టీ తాగుతూ కూర్చున్నాను.

పదింటికి ఇంజనీరు నిర్మల జేసీబీతో వచ్చింది.

"దేవుణ్ణి తీస్తారా? తీయండి చూద్దాం" అన్నాడు అప్పుడే కారు దిగిన సందీప్.

జేసీబీ డ్రైవరు దిగి, చెప్పులు విడిచి దండం పెట్టాడు. నిర్మల ఆర్డరు కాగితం పట్టుకుని నిలబడిపోయింది.

"అది దేవుడు కాదు మేడమ్. కండ్లు తెరిపీలేదు" అన్నాను.

"తొమ్మిదికే గదప్పా ముహూర్తం! ఏం చేస్తాండావ్ ఇంతసేపు?" అని అరిచాడు సందీప్.

"టీ తాగుతాండా."

డ్రైవరు చెప్పులేసుకున్నాడు. ఆంజనేయుడు బండెక్కి నా షెడ్డుకు వచ్చేశాడు. సాయంత్రానికి వంక తెరుచుకుంది. అక్క నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

విగ్రహం నాకు అప్పగించినట్టు సంతకం కోసం నిర్మల షెడ్డుకు వచ్చింది. నేను సంతకం పెడుతుంటే ఆమె నేలవైపు చూస్తోంది. రాళ్ళు కోసే మిషను కిందనుంచి తెల్లటి రాతిపొడి కలిసిన నీళ్ళు కాలువ కట్టి పోతున్నాయి.

"ఇవి ఎక్కడికి పోతున్నాయి ఆచారిగారూ?"

"వంకలోకి. మా నాయన కాలం నుంచీ అంతే" అన్నాను ధీమాగా.

ఆమె అక్కడే నిలబడి నోటీసు రాసిచ్చింది. నీళ్ళలోని పొడి అడుక్కు దిగేందుకు తొట్టి కట్టేదాకా మిషను ఆడకూడదట.

వెనక టీ గ్లాసులతో అక్క నిలబడి ఉంది.

"సందీప్ తోలింది ఎర్రమట్టి గదరా" అంది మెల్లగా. "నా వంటింట్లో తెల్ల బురద యాడిది?"

సిగ్గుతో ఆంజనేయుడి వైపు తిరిగాను. ఆయనకు కళ్ళు లేవు, బతికిపోయాను. అక్క మాత్రం నన్నే చూస్తోంది.