బిళ్ళ కట్టినవాళ్ళు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, యాడికి ఊరి దగ్గర కరువు పనిలో కంకర కొట్టే చోట, ప్రతి పొద్దునా మేస్త్రి ఈరప్ప కూలీలను తన ముందు నడిపించేవాడు. కుంటినవాడికి ఆ రోజు సుత్తి లేదు, కూలి గింజలూ లేవు. ఆ పొద్దున ఆదెన్న కాలి పుండుతో కుంటుతూ నడిచాడు. మేస్త్రి కర్రతో పంచె తొలగించి, అతని గజ్జల్లో ఉబ్బిన బిళ్ళను అందరికీ చూపించాడు.

"అంటురోగమప్పా ఇది. వీణ్ణి ఈడ పెట్టుకుంటే మీకందరికీ వస్తాది."

పక్కవాళ్ళు వెనక్కి జరిగారు. ఎదురుగా పందిరి కింద బొరుగులు, టీ అమ్ముకునే శ్రీరంగప్ప కూడా, ఆదెన్న వచ్చి కూర్చోకుండా చాప చుట్టేశాడు. రోగి కూర్చున్న చోట బేరం కూర్చోదు. పైగా ఆ పందిరి కంట్రాక్టరు దయ.

కానీ లెక్క ఎక్కడో తప్పుతోందని శ్రీరంగప్పకు అనిపించింది. రాతిపెచ్చు తగలని కాలు ఈ పనిలో లేదు. గాయానికి ఎర్రమన్ను పూసి, పళ్ళు బిగబట్టి, అందరూ తిన్నగా నడుస్తున్నారు. ఇట్లా ఒక్కొక్కరే పోతే చివరికి టీ తాగేవాడెవడు?

మధ్యాహ్నం ఆదెన్న మేనల్లుడు శివప్ప వచ్చాడు. అనంతపురం కాలేజీలో సైన్సు చదువుతున్నాడు. మామ ఒళ్ళు కాలిపోతోంది. శ్రీరంగప్ప దగ్గర కాచిన నీళ్ళు తీసుకుని పుండు కడుగుతూ, చుట్టూ చేరినవాళ్ళకు చెప్పాడు. మన్ను పూస్తే శత్రువును చేతులారా లోపలికి పంపినట్టే. నెత్తుట్లో తెల్లకణాలుంటాయి. పుండులోంచి సూక్ష్మజీవులు చొరబడితే పరుగున వచ్చి మింగుతాయి. ఆ పోరులో చచ్చిన కణాలే చీము. తప్పించుకుని పైకి పాకినవాటిని గజ్జల్లో అడ్డుకుంటాయి. అక్కడ శత్రువును గుర్తుపట్టిన కణాలు వేలకు వేలవుతాయి, బిళ్ళ ఉబ్బుతుంది. గెలిచాక కొన్ని మిగులుతాయి. అదే శత్రువు మళ్ళీ వస్తే ఈసారి ఆలస్యం చెయ్యవు.

"బిళ్ళ అంటేది కాదు. ఒళ్ళు చేసే కొట్లాట అది."

కంకర మోసే ఓబులమ్మ తట్ట దించింది. "దెబ్బ కాలికి కదప్పా. గజ్జలకేం పని?"

"కాలు పోతే గజ్జ ఒకటే బతుకుతాదా అక్కా?"

ఒళ్ళు ఒక్కోసారి ఓడిపోతుందనీ, మామకు సూదిమందు పడాలనీ కూడా చెప్పాడు. ఆస్పత్రికి కంట్రాక్టరు జీపు అడుగుదామని కొందరన్నారు. అడిగినవాణ్ణే రేపు తోసేస్తారని ఇంకొందరు. పొద్దు వాలేదాకా వాదులాట.

"మేస్త్రి కుంటేవాణ్ణే కదా ఏరేది," అంది ఓబులమ్మ. "రేపు తిన్నగా నడిచేటోళ్ళు వానికి కనపడకూడదు."

మర్నాడు మేస్త్రి కర్ర ఊపాడు. ఓబులమ్మ కుంటుతూ నడిచింది. వెనక నల్లమ్మ, గోవిందప్ప, ఆ వెనక వరుసంతా. ఒక్క కాలూ తిన్నగా పడలేదు. మధ్యలో శివప్పా ఇంకొకడూ భుజాల మీద మోస్తున్న ఆదెన్న. అతన్ని జీపులో ఆస్పత్రికి పంపాలి, మందుల పెట్టె పెట్టాలి, గాయపడినవాళ్ళకూ గింజలియ్యాలి; అందాకా సుత్తి ముట్టం అన్నారు. కంట్రాక్టరు జీపు వచ్చింది. దాని వెనకే పోలీసు వ్యాను.

శ్రీరంగప్ప పొయ్యిలో నీళ్ళు పోశాడు. పందిరి పోతుంది, నిజమే. వీళ్ళు లేని పందిరి మాత్రం ఎందుకు? కుంటుతూ వచ్చి వరుసలో కలిశాడు.

మేస్త్రి నవ్వాడు. "ఏం సెట్టీ, నువ్వెప్పుడు రాళ్ళు కొడితివప్పా? నీకు యాడ తగిలింది?"

"పుండు ఆదెన్నది మేస్త్రీ. బిళ్ళ నాకు కట్టింది."

ఎవరూ ఆగలేదు. లాఠీలు దిగుతున్న వ్యాను పక్కగా, ఆదెన్నను మోసుకుంటూ, వరుస కుంటుకుంటూ ఆస్పత్రి దారి పట్టింది.