గేటు కాడి ముసలోళ్ళు

జీడిమెట్లలో మేం ముప్పై ఏళ్ళు పనిచేసిన మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర మల్లేశం ఇప్పుడు వాచ్‌మన్. అరవై ఏడేళ్ళ మనిషి. పన్నెండు గంటల డ్యూటీలో ఓ నిమిషం కునుకు తీశాడని సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజర్ వచ్చి అతని కుర్చీ ఎత్తుకుపోయాడు. ఆ పూట అటుగా పోతూ నేను కళ్ళారా చూశాను. మల్లేశం గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"గీ నౌకరీ ఇడిసిపెట్టరాదన్నా?" అన్నాను.

"ఇడిసిపెట్టి ఏం దినాలె తమ్మీ? పదిహేను వందల పింఛనుల మీ వదినె షుగర్ గోలీలే రావు."

నాకు ఎరుకే. నా పింఛనూ అంతే.

ఆ ఏజెన్సీ ఎవరిదో చెబితే కడుపు మండుతుంది. మా యూనియన్ నాయకుడు సిద్దిరాములుది. ఇరవై ఏళ్ళ కిందట ఇదే గేటు ముందు ఎర్ర కండువా వేసుకుని అగ్రిమెంటు చదివి వినిపించాడు. "బేసిక్ తక్కువ పెట్టిచ్చిన, అలవెన్సులు పెంచిచ్చిన. పీఎఫ్ కోత తక్కువ, చేతికి మస్తు పైసలు" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. పింఛను ఆ బేసిక్ మీదనే లెక్క కడతారని మాకెవరూ చెప్పలేదు. నమ్మినవాడే గొంతు కోశాడు.

ఆదివారం మచ్చ బొల్లారంలో, ప్రార్థన ముగిశాక, చర్చి వెనక షెడ్డులో డెబ్బై మంది పెన్షనర్లం కూడాం. మేడ్చల్ నుంచి, గౌడవెల్లి నుంచి కూడా వచ్చారు. పిలిచింది ప్యాకింగ్‌లో పనిచేసి రిటైరైన కృపమ్మ. పిలవని పేరంటానికి సిద్దిరాములూ వచ్చాడు, మాకు కప్పడానికి శాలువాల మూటతో.

"పింఛన్ పెంచేది ఢిల్లీల. నేనేం జేస్త? ముసలోళ్ళను ఎవడు పనిల పెట్టుకుంటడు? నేను పెట్టుకున్న. పదకొండు ఫ్యాక్టరీల గేట్ల కాడ మనోళ్ళే ఉన్నరు."

కృపమ్మ లేచింది. "అన్నా, మా పింఛన్ మాకు సాలితే నీ గేట్ల కాడ ఎవరు నిలబడ్తరు?"

అతను నవ్వబోయాడు. కృపమ్మ మళ్ళీ అడిగింది.

"బేసిక్ తగ్గితే పింఛన్ తగ్గుతదని అగ్రిమెంటు నాడు నీకెర్కేనా, లేదా? గంత జెప్పు."

"ఎర్కే" అన్నాడు తల వంచుకుని. "మీరు గూడ చేతికొచ్చేదే అడిగిన్రు గదా."

అది నిజమే. అందుకే మరీ మండింది. మల్లేశం ఆ మూట ఎత్తి అతని చేతుల్లో పెట్టాడు.

"ఇగ పో రాములన్నా. నువ్వు మాకు అన్నం పెడ్తలేవు. మా ముసలితనం అమ్ముకుంటున్నవ్."

అతను పోయాక వాదన మొదలైంది. "ఢిల్లీ దాంక మనం పోతమా? ఉన్న నౌకరీ గూడ ఊడుతది" అన్నాడు ఇంకో వాచ్‌మన్ బక్కయ్య.

"పోవుడెందుకు? లారీలు ఆగితే ఫ్యాక్టరీ సేట్లే ఢిల్లీకి ఫోన్ జేస్తరు. పదకొండు గేట్ల తాళాలు మన చేతుల్లనే ఉన్నయి" అంది కృపమ్మ. బక్కయ్యే ముందు చెయ్యెత్తాడు.

సోమవారం పొద్దున పదకొండు చోట్లా మనుషులు పోయే చిన్న గేటు తెరిచి ఉంచి, లారీల గేట్లకు తాళాలు వేశాం. వాచ్‌మన్లు యూనిఫాంలోనే రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళ పక్కన మేం. బతికేంత పింఛను ఇవ్వాలని అట్టముక్కల మీద రాసుకున్నాం. లారీలు మెయిన్ రోడ్డు దాకా నిలిచిపోయాయి.

తొమ్మిదింటికి మా గేటు దగ్గరికి పోలీసు వ్యాన్ వచ్చింది.

"మీ లీడర్ ఎవరు? ఒక్కడొచ్చి మాట్లాడండి" అన్నాడు ఎస్సై.

"ఒక్కణ్ణి మాట్లాడనీకి ఒకపారి తోలినం సారు, గందుకే గీ బతుకొచ్చింది" అన్నాడు మల్లేశం. "ఇగ అందరం మాట్లాడుతం. తీస్కపోతే అందర్ని తీస్కపోవాలె."

మల్లేశాన్ని, కృపమ్మను, నన్ను, పట్టినంతమందిని ఎక్కించారు. అప్పుడే డ్యూటీకి వచ్చినవాళ్ళు లోపలికి పోకుండా ఆగి చూస్తున్నారు. "మీ జీతం చీటీల బేసిక్ ఎంతుందో చూస్కోండ్రి, రేపు పింఛన్ దాని మీదనే" అని కృపమ్మ వాళ్ళకు కేకేసింది. ప్యాకింగ్‌లో కొత్తగా చేరిన లిఖిత వ్యాన్ కిటికీ దగ్గరికి వచ్చి, ఫోనులో తన జీతం చీటీ తెరిచి చూపింది.

"అమ్మా, ఇందుల బేసిక్ ఏది?"

కృపమ్మ ఊచల్లోంచి వేలు పెట్టి చూపింది. లిఖిత ఆ కొద్దిపాటి అంకె చూసి, పక్కవాళ్ళకు గట్టిగా చదివి వినిపించింది. వాళ్ళూ ఫోన్లు తీశారు. వ్యాన్ కదిలేసరికి మేం లేచిన చోట వాళ్ళు కూర్చున్నారు. ఆ రోజు ఒక్క లారీ కూడా లోపలికి పోలేదు.